ఆగడం మానేసిన యంత్రాలు

"సార్, మీ మిషన్లు ఆగడం మానేశాయి."

ఏసీ మెకానిక్ మాటకు ఇంజనీరు తల ఎత్తలేదు.

"ఆగకూడదనే కదయ్యా మా తాపత్రయం. నువ్వు ఫిల్టర్లు కడుక్కుని వెళ్లు."

అది వరద ఎప్పుడొస్తుందో ముందే చెప్పే ఆఫీసు. గదిలో నలభై యంత్రాలు. నదిని నలభై ముక్కలు చేసి ఒక్కో యంత్రం ఒక్కో ముక్క లెక్క కడుతుంది. అంకెలన్నీ ఉమ్మడి మెమరీలో పడతాయి. పై ముక్క అంకె అందిన తర్వాతే కింది ముక్క ముందుకు కదలాలి. అందుకని ప్రతి విడత చివరా అందరి కోసం అందరూ ఆగాలి.

నిన్న ఇంజనీరు కొత్త కంపైలర్ పెట్టాడు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మారుస్తూ, తనకు అక్కర్లేదనిపించిన ఆగుళ్లను అదే కొట్టేస్తుంది. మూడు గంటల పని గంటకు దిగింది. పైవాళ్లు భుజం తట్టారు.

"అది కాదు సార్. ఇదివరకు పది నిమిషాలకోసారి మిషన్లలోని ఫ్యాన్ల చప్పుడంతా ఒక్కసారే తగ్గేది. అంతా కలిసి ఊపిరి పీల్చుకున్నట్టు. ఇప్పుడు ఎవరి గోల వారిదే."

"చెవితో చదువుతావా ప్రోగ్రాములు?" సహాయకురాలు నవ్వింది.

"చదువు రాదమ్మా. ఉన్నవి చెవులే."

తెర మీద అంకె పడింది. దిగువ పేటకు నీళ్లు సాయంత్రం ఆరింటికి. నాలుగింటికి జనాన్ని తరలించే బళ్లు పంపితే చాలని ఇంజనీరు పైకి రాసేశాడు.

అప్పటికి ఉదయం తొమ్మిది.

"మా ఇల్లు ఆ పేటలోనే సార్. పాత పద్ధతిలో ఒక్కసారి నడిపించి చూడండి. ఇదివరకోసారి ఇలాగే..."

"ఇదివరకటి కథలు తర్వాత. మళ్లీ మూడు గంటలు ఎవరి మాట మీద తగలెయ్యాలి? ఏసీ బాగుచేసేవాడు చెప్పాడని రాయనా?"

"రాయండి."

"కుక్క పని గాడిద చేస్తే ఏమైందో తెలుసుగా?"

మెకానిక్ తడి ఫిల్టరును గోడకు ఆనించాడు.

"గాడిద ఇంటికి పోతోంది సార్."

నీళ్లు ఒంటిగంటన్నరకే వచ్చాయి. బళ్లు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి.

మొదటి రెండు వీధులవాళ్లు గుట్టెక్కి బతికారు. ఎవరో తలుపులు బాదుకుంటూ వచ్చి, సాయంత్రం దాకా భయం లేదని కదలనివాళ్లను తిట్టి మరీ బయటికి లాగాడట.

ఆ మనిషి మూడో వీధిలో దొరికాడు, శవమై. అతని ఇల్లు నాలుగో వీధి. నాలుగో వీధికి ఆనవాలే లేదు.

రెండు రోజులకు విచారణ అన్నారు. అప్పుడు తెరిచాడు ఇంజనీరు పాత ప్రోగ్రామును, మొట్టమొదటిసారి. చదవకుండానే దాన్ని బాగుచేసిన మహానుభావుడు.

ఆగమన్న చోట, దాన్ని రాసి రిటైరైన పెద్దావిడ నాలుగు ముక్కలు రాసిపెట్టింది. అలాంటి రాతలు మనుషుల కోసం. కంపైలర్ వాటిని చదవదు, దాటేస్తుంది.

ఇన్నాళ్లూ ఇంజనీరూ దాటేశాడు.

సహాయకురాలు పైకి చదివింది.

"ఈ ఆగుడు తీయవద్దు. ఇది లేకనే మొదటి ఏడాది లెక్క తప్పింది. నెల రోజులు వెతికినా నాకు దొరకని ఆ తప్పును, ఫ్యాన్ల చప్పుడు విని పట్టుకున్నది మన ఏసీ మెకానిక్."