పాల ప్యాకెట్ మూలలు

“అవతల పారెయ్” అని రోజూ అంటూ వచ్చామే, ఆ అవతల ఎవరి ఇల్లు? ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు ప్రభుత్వం వాళ్లు చెత్తదిబ్బలను తవ్వి, దొరికిన ప్రతి వస్తువునూ పారేసినవారి ఇంటికే చేరుస్తున్నారు. దాన్ని మళ్లీ పారేయడం నేరం. కాకినాడలో నెలలు నిండిన హిమజ ఇంట్లో, ఉయ్యాల కట్టిన చోటు తప్ప అంతా బస్తాలే.

“అన్నీ మీ తాతగారి నిర్వాకమేనే. నేను పాల కవర్లు కూడా కడిగి ఆరబెట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేదాన్ని. నా పేరున ఏమొస్తుంది?” అంది మామ్మ అనసూయమ్మ.

ఆ ఉదయమే ఆమె పేరున ఒక సంచి వచ్చింది. హిమజ విప్పి చూసింది. నిండా గోరంత నీలి ముక్కలు. పాల ప్యాకెట్ కత్తిరించిన ప్రతిసారీ సింకులో వదిలేసిన మూలలు.

“కవర్లు ఇచ్చావు సరే. మరి ఇవో, మామ్మా?”

“గోరంతేగా అనుకున్నానే...”

హిమజ ఉయ్యాల విప్పి, ఆ చోట సంచి పెట్టింది.

“మరి బిడ్డనెక్కడ పడుకోబెడతావే?” అంది అనసూయమ్మ.

రేపు ఉదయం మీ పాల ప్యాకెట్‌కు గాటు మాత్రమే పెట్టండి. మూల తెగి పడనివ్వకండి.