ముందూ వెనకా లేనిది

"చీనా!" అని అరిచింది ప్రేమమ్మ, అందరికంటే ముందు.

మిషను గుడి అరుగు మీద జనం గొల్లుమన్నారు. ఏసేపు చేతిలోని బొమ్మను లాంతరు దగ్గరికి పట్టాడు. గబ్బిలం రెక్కలాంటి తెరచాప, కింద పొట్ట లావు పడవ. చీనాదే. కూలి దండులో బస్రా యుద్ధానికి పోయి వచ్చిన ఏసేపు తెచ్చుకున్న ఆస్తంతా ఇదే. తెల్ల సోల్జర్లు సిగరెట్టు పెట్టెల్లోంచి తీసి పారేసిన అట్టబొమ్మలు. ఒక్కోదాని మీద ఒక్కో దేశపు పడవ. పొద్దు గుంకితే అతను బొమ్మ ఎత్తి పట్టడం, సముద్రం మొగమెరగని కర్నూలు ఏటిగట్టు పేట దేశం పేరు చెప్పడం. అదీ ఆట.

"పక్కన దుంగ కట్టిండారు సూడండి. ఏ దేశం?"

"సింహళం!" మళ్ళీ ప్రేమమ్మే.

"ఏమప్పా ఆనందం," అంది విశ్వాసమ్మ, "నీ పెండ్లాము చీనా, సింహళం తిరిగొచ్చె. నువ్వింకా ఈడనే తోళ్ళు నానబెడతాండావు."

"కాగితం పడవల్లో చేపలు పడతాయేమో అడుగు," అన్నాడు ఆనందం.

అందరూ నవ్వారు. ప్రేమమ్మ నవ్వలేదు. ఆమె అటు చూడనే లేదు. ఏసేపు చేతులనే చూస్తోంది.

ఆనందం చేతులు తోలు కంపు కొడుతున్నాయి. ఆ రేవులో తుంగభద్ర దాటించే పుట్టిలన్నీ ఆ చేతులు చేసినవే. వెదురుతో గుండ్రటి బుట్ట అల్లి, చుట్టూ ఎద్దుతోలు బిగించి కుట్టినవి. మిషను దొర ఏండ్ల తరబడి వాటిలోనే ఏరు దాటి, నైజాం పల్లెల్లో వాక్యం చెప్పి వచ్చాడు. చెప్పు తడవలేదు. ఇప్పుడెవరో బెజవాడ నుంచి చెక్కపడవ పటం పంపారు. ఇంకేముంది, ఆదివారం దొర అందరి ముందూ తేల్చేశాడు. ముందూ వెనకా లేనిది పడవ కాదట. బుట్టట. లోకంలో ఏ జాతీ దాన్ని ఎక్కదట. ఎక్కినట్టు చూపిస్తే చెక్కపడవ మానుకుంటాడట.

దొరలంతే. తమను మోసినదాన్ని నమ్మరు, అచ్చయినదాన్ని నమ్ముతారు.

చెక్కపడవ వస్తే ఆనందం పొయ్యిలో పిల్లి లేవదు. ఆ సంగతే తేల్చడానికి దొర ఇప్పుడు గుడి లోపల పెద్దలతో కూర్చొని ఉన్నాడు. ఆనందం చెవి అటు ఉండాలి. కానీ కన్ను ఇటే ఉంది. పెండ్లాం మీద, ఆ బస్రావాడి మీద.

"ఇంగోటి ఎత్తన్నా," అన్నారెవరో.

ఏసేపు కట్ట తిరగేశాడు. "ఒకటి తగ్గిండాది."

"అయ్యో! యాడ పడిపాయనో ఎతకప్పా."

"పోలేదులే. ఉండాల్సిన చోటనే ఉండాది."

ఆ మాట అంటూ ఏసేపు ప్రేమమ్మ వైపు చూశాడు. ప్రేమమ్మ చెయ్యి ఒళ్ళోని బైబిలు మీదికి పోయింది. ఆనందానికి అది చాలు.

లేచి పోయి ఆమె ఎదుట నిలబడ్డాడు. "దాంట్లో ఏముండాది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుంటే ఆ పట్టెందుకు? ఇట్లియ్యి."

"రవ్వంత సేపు ఆగయ్యా. దొర బయటికి రానీ."

"దొర వచ్చి నీకూ వానికీ పెండ్లి చేయాల్నా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో ఆనందానికి ఒళ్ళు తెలియలేదు. బైబిలు లాగాడు. అందులోంచి ఒక అట్టముక్క జారి అరుగు మీద బోర్లా పడింది. ఏసేపు బొంబాయిలో ఖాకీ తొడుక్కొని తీయించుకున్న ఫోటో కూడా సరిగ్గా అంతే ఉంటుంది. పేటంతా చూసిందే.

"వాని మొగం బైబిల్లో పెట్టుకొని పండుకుంటావా? థూ!"

"మొగం కాదు! తిప్పి సూడు. నీ కోసరమే అడుక్కొచ్చినా. ఏసేపు ఇచ్చినాడంటే నువ్వు ముట్టవని సెప్పలే..."

"సూడను. వాని మొగం నేను సూడను."

"ఆనందన్నా, నా మాటిను," అంటూ ఏసేపు లేచాడు.

అదే తప్పయింది. ఆ గొంతు వినగానే ఆనందం బోర్లా ఉన్న అట్టను బోర్లాగానే తీశాడు. రెండుగా చించాడు, నాలుగుగా చించాడు. లాంతరు గ్లాసు ఎత్తి ముక్కలు మంటకు పట్టాడు. ప్రేమమ్మ లాక్కోబోయింది. వేళ్ళు కాలాయి గానీ బొమ్మ దక్కలేదు.

ఆనందం బూడిద దులుపుకున్నాడు. ఏసేపు వచ్చినప్పటి నుంచీ మండుతున్న కడుపు అప్పటికి చల్లబడింది.

"ఇంగ సూపెట్టప్పా బస్రా దొరా, ఎవరికి సూపెడతావో నీ మొగం!"

ఏసేపు మిగిలిన బొమ్మల కట్టకు దారం చుట్టుకున్నాడు. ప్రేమమ్మ కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకొని మొగుడినే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అది ఆనందానికి అర్థం కాలేదు.

గుడి తలుపు తెరుచుకుంది. దొర చేతిలో కలంతోనే బయటికి వచ్చాడు. అరుగంతా లేచి నిలబడింది.

"ప్రేమమ్మా," అన్నాడు దొర తన పుస్తకాల తెలుగులో, "బాగ్దాదు నదిలో మా సైనికులు గుర్రములతో సహా ఎక్కిన గుండ్రని పడవ బొమ్మ చూపించెదనంటివి, ఏదీ? చెక్కపడవకు నేనింకా సంతకము చేయలేదు."