చేప బొమ్మ

“ఈ దిక్కుమాలిన స్క్రిప్టు రాసినవాళ్ళ చేతులు విరగ్గొట్టాలి!” ఇందుజ మౌసుని బల్లకేసి కొట్టింది. రాసింది తనే కావడంతో కోపం ఇంకా పెరిగింది.

ఏలూరు ఆఫీసులో కొల్లేరు ఊళ్ళ నీటి పథకం పటాన్ని కంప్యూటరులో గీస్తోంది. పటంలో గుర్తుల బొమ్మల్ని దానంతటదే మార్చాల్సిన ఆ స్క్రిప్టు ప్రోగ్రాం, పేరులో ‘చెరువు’ అని కనబడిన ప్రతిచోటా చేపల చెరువనుకుని చేపను తగిలించేసింది. ఒక ఊరి మంచినీళ్ళ చెరువునీ వదల్లేదు.

‘మంచినీళ్ళు’ అని ఉంటే ముట్టుకోవద్దని ఒక లైను చేర్చి మళ్ళీ నడిపింది. చేప పోయి నీటిబొట్టు వచ్చింది.

“ఇప్పుడు సరిగ్గా ఉంది. సంతకం పెట్టండి మరిడమ్మగారూ,” అంది, ఆ ఊరి తరఫున సరిచూడడానికి వచ్చి పక్కనే కూర్చున్న ఆవిడతో.

మరిడమ్మ పెన్ను అందుకోలేదు.

“మూడేళ్ళ నుంచీ అందులో చేపలే పెంచుతున్నారండీ. మేం టిన్నుల నీళ్ళు కొనుక్కు తాగుతున్నాం. ఎన్ని అర్జీలు పెట్టినా, కాగితం చూసి మంచినీళ్ళ చెరువేగా అంటారు. ఇన్నాళ్ళకి మీ కంప్యూటరొక్కటి నిజం చెప్పింది.”

ఆవిడ తెరమీది నీటిబొట్టును వేలితో చూపించింది.

“దాని నోరు కూడా నొక్కేశారేంటండీ?”