మునిగిన ఊళ్లో గోడలు

గేమింగ్ లాంజ్‌లో ఆ మధ్యాహ్నం అందరి కళ్లూ మూడో నంబర్ కుర్చీ మీదే ఉన్నాయి.

అందులో కూర్చున్నావిడకు అరవై దాటి ఉంటాయి. తెర మీద ఆవిడ నడిపే బొమ్మ ఒక గోడకు భుజం రాసుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ పోతోంది.

ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలికి వెళ్తే మేడమెట్లు, మెట్లెక్కితే ప్రాణం దక్కుతుంది. ఆవిడ అటు చూడనే లేదు. ఆ గోడ అయిపోయాక ఇంకో గోడ పట్టుకుంది.

ఈలోగా వరద నీళ్లు పెరిగి బొమ్మ మునిగిపోయింది. ఆవిడ మళ్లీ మొదటి గోడ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఈవిడ ఆట ఆడుతోందా, సున్నం వేయడానికి కొలతలు తీసుకుంటోందా?" అన్నాడు మరిది.

లాంజ్ నడిపేది వదిన. మిషన్లు చూసుకునేది మరిది. ఇంకా విడుదల కాని ఆటల నమూనాలు తెప్పించి, ఏది ఆడదగ్గదో ముందే రుచి చూపించడం వాళ్ల ప్రత్యేకత.

ఈ నెల మూడు వచ్చాయి. ఇసుకదిబ్బల మీద కార్ల పందెం ఒకటి. చూపుకు బాగుంటుంది కానీ పది నిమిషాల్లో మొహం మొత్తుతుంది. రెండోది రైలు నడిపే ఆట. దానికి ఉద్యోగాల నుంచి రిటైరైన పెద్దమనుషులు అతుక్కుపోయి, భోజనం వేళ కూడా మరిచిపోతున్నారు.

మూడోది 'మునిగిన ఊరు'. వరద చుట్టుముట్టిన ఊళ్లోంచి దారి వెతుక్కుని బయటపడాలి. కుర్రకారు ఎగబడుతున్నది దీనికే.

విడుదల రోజున ఆ ఆటను ఊరికి ఒక్క లాంజ్‌కే ఇస్తామని కంపెనీ చెప్పింది. రోడ్డుకు అవతలి పక్క మూడంతస్తుల కొత్త లాంజ్ వెలిసింది. ఆట అక్కడికి పోతే ఆడేవాళ్లూ అక్కడికే పోతారు. ఆపైన వదిన తాళం వేసుకోవడమే. పదిరోజులుగా ఆవిడకు ఈ బెంగతో తిండి సయించడం లేదు.

ఆ పెద్దావిడ మాత్రం రోజూ రెండింటికి ఠంచనుగా వచ్చేది. మొదటిరోజు ఆవిడ చేతులు వణుకుతుంటే వెనకాల కుర్రాళ్లు నవ్వారు. వదినే వాళ్లను కసిరి, పక్కన కూర్చుని, ఏ మీట దేనికో వేళ్లు పట్టుకుని చూపించింది. ఆవిడ శ్రద్ధగా నేర్చుకుని, తిన్నగా గోడ దగ్గరికి వెళ్లింది.

అప్పటినుంచి గోడపిన్ని అని పేరు పడిపోయింది.

గోడపిన్ని ఎవరై ఉంటుందన్నది లాంజ్‌లో నాలుగో ఆట అయి కూర్చుంది. వరదలో ఇల్లు పోగొట్టుకుని ఉంటుందని ఒకరన్నారు. అవతలి లాంజ్ వాళ్లు పంపిన మనిషి అని మరిది అనుమానం. వదిన ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"తలుపు తెరిచే ఉందిగా పిన్నిగారూ, లోపలికి వెళ్లరేం?"

"వెళ్తానమ్మా. ఈ మూలకు వాన తగులుతోందో లేదో చూసి వెళ్తాను."

"తగిలితే ఏమవుతుంది?"

"తడుస్తుంది. తడిస్తే రంగు మారాలి కదా."

వదిన వంగి చూసింది. నిజమే, గోడ మూల నల్లబడింది. ఇటుకల సందుల్లో సన్నగా పాచి కూడా పట్టింది. ఇన్నాళ్లూ ఇంతమంది ఆడారు, ఒక్కరూ ఆ పాచిని చూసిన పాపాన పోలేదు. చూసి ఈవిడకు ఒరిగేదేమిటో మాత్రం వదినకు అంతుబట్టలేదు.

ఇంతలో గురువారం మధ్యాహ్నం కంపెనీ ప్రతినిధి వస్తున్నాడని కబురొచ్చింది. మూడో కుర్చీ గుమ్మంలోంచే కనబడుతుందని, అందులో గోడపిన్ని ఉంటే తమ కొంప మునిగినట్టేనని మరిది పోరు మొదలుపెట్టాడు. వదిన రెండు రోజులు విననట్టు ఊరుకుంది. బుధవారం ఇక తప్పలేదు.

"పిన్నిగారూ, రేపు మాత్రం రాకండి. కంపెనీవాళ్లు వస్తున్నారు. బాగా ఆడేవాళ్లనే కూర్చోబెట్టాలి."

ఆవిడ కంట్రోలర్ మెల్లగా కింద పెట్టింది.

"అలాగేలే అమ్మా. చాలావరకు చూసేశాను."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. వదిన మనసు చివుక్కుమంది. అయినా వెనక్కి పిలవలేదు.

గురువారం ప్రతినిధి వచ్చాడు. మూడో కుర్చీలో అందరికన్నా చురుకైన ఆటగాడు బొమ్మను నీళ్ల మీంచి దూకిస్తున్నాడు. ప్రతినిధి తెర వైపు చూడలేదు. ఒక్కొక్క కుర్చీనీ వెతుకుతున్నట్టు చూసి, ఆట మీకే ఇవ్వాలని పోయిన వారమే నిర్ణయించామని చెప్పాడు.

మరిది గాల్లో తేలిపోయాడు. తమకే ఎందుకిచ్చారని వదిన అడిగింది. అతను ఫోన్ తీసి, తమకు వచ్చిన ఉత్తరం చదివి వినిపించాడు.

"ఇక్కడ ఆట రానివాళ్లను ఎవరూ లేపేయరు. యజమానురాలే పక్కన కూర్చుని నేర్పుతుంది. మన ఆటను ముందు ఇక్కడే మొదలుపెట్టండి."

రాసినావిడ రోజూ రెండింటికి ఇక్కడికే వస్తారని, చూసి పోదామనే ఈ వేళకు వచ్చానని అతనన్నాడు.

"రావద్దని నేనే చెప్పానండి. ఆవిడకు ఆట రాదని," అంది వదిన తల దించుకుని.

అతను వెంటనే ఆవిడకు ఫోన్ చేశాడు. ఆవిడ పొద్దునే రైలెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట, ఇక ఈ ఊరు రాదట.

"చేతులు వణకడం మొదలయ్యాక మా దగ్గర ఉద్యోగం మానేశారు. మానేసినవాళ్లకు విడుదలకు ముందు ఆట ఇవ్వకూడదని మాకో నియమం. అందుకే మీ దగ్గరికి వచ్చి చూసుకున్నారు."

"ఏం చూసుకున్నారు?" అంది వదిన.

"గోడలండీ. ఆ ఊళ్లో ఉన్న ప్రతి గోడా ఆరేళ్లు కూర్చుని ఆవిడ ఒక్కరే గీశారు."