మూడో సీసా

"రెండో సీసాలోనూ క్రిములే చెల్లెమ్మా. పశువులవి కావు. మనిషి పొట్టలోంచి వచ్చినవి."

నీళ్ళ పరీక్షలాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున మూడో సీసా నింపుకెళ్తా. అందులోనూ ఉన్నాయంటే మీ ఆయన ఉద్యోగం, ఈ క్వార్టరూ రెండూ పోతాయి. కింద ఊరంతా తాగే నీళ్ళు కదా!"

ఆమె భర్త ఆ మంచినీళ్ళ చెరువుకి కాపలాదారు. గేటు పక్క గదే వాళ్ళ ఇల్లు. కంచె తీగ మీద చంటిదాని గుడ్డలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. చంటిది మాత్రం ఒళ్ళో వడిలిపోయి ఉంది.

"పోయిన వారం నుంచీ దీనికి ఒకటే విరేచనాలు అన్నయ్యా. ఈ పాడు నీళ్ళవల్లే!"

"కాచి పట్టడం లేదా?"

"తెర్లేలా కాచి, రెండుసార్లు వడగట్టి మరీ పడుతున్నా."

"మరి..." అంటూ ఆయన బుర్ర గోక్కుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇక ఆమెకి కాలు నిలవలేదు. గేటు తాళం మూడుసార్లు లాగి చూసింది. కంచె చుట్టూ తిరిగొచ్చింది. భర్త గట్టు మెట్టు మీద కాలు పెట్టేసరికి కేకేసింది.

"ఆగండి! కాళ్ళు నీళ్ళలో పెట్టారంటే ఊరుకోను!"

"జీతం నాకు, కాపలా నీకూనా?" అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆపేశాడు.

"గాలాలేసే కుర్రాళ్ళ పనే అయ్యుంటుందండీ."

"వాళ్ళని నువ్వే తిట్టి తరిమావుగా! నెలైంది. మళ్ళీ ఇటు తొంగి చూస్తే ఒట్టు."

"అయితే పైన. కొండ మీంచి చెరువులోకి దిగే వాగు దగ్గర. ఎవడో రోజూ నీళ్ళు పాడుచేస్తున్నాడు. మీకు దొరకడు. నేను పట్టుకుంటా."

మర్నాడు తెల్లవారుతూనే లేచింది. చంకన పిల్ల, చేతిలో బకెట్టు. రాళ్ళు తడుముకుంటూ కొండెక్కింది. ప్రతి పొద వెనకా తొంగి చూసింది. వాగు ఒడ్డు బురదంతా కళ్ళు చిట్లించి వెతికింది. తన పాత అడుగులే తప్ప ఇంకొకరి జాడ లేదు.

కింద గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. పరీక్షలాయన వచ్చేశాడు. చంటిది మూలిగింది.

"ఏడవకమ్మా. నీ కడుపు పాడుచేసినవాణ్ణి వదలను."

వాగు పక్క బండమీద పిల్లని పడుకోబెట్టి, చుట్టూ మరోసారి కలయజూసి, చెరువులో ఒక్క చుక్క మురికైనా పడకూడదని రోజూ ఇంత దూరం మోసుకొచ్చే చంటిదాని విరేచనాల గుడ్డలు బకెట్టులోంచి తీసి, పారే నీళ్ళలో జాడించసాగింది.