తొడ మొదట్లో మచ్చ

"మళ్ళీ వెళ్ళిరండి. మూత్రం పూర్తిగా పోవాలి," అన్నాడు స్కాన్ టెక్నీషియన్, విసుగు దాచుకోకుండా.

ముసలి టైలర్ మళ్ళీ బాత్రూంకి వెళ్ళొచ్చాడు. తెర మీద తొడ మొదట్లో మచ్చ అలాగే వెలుగుతోంది. ఎముకల స్కాన్ కోసం నరంలోకి ఎక్కించిన మందు అక్కడ పోగయింది. అది ఆ మందు కలిసిన మూత్రమైతే ఫరవాలేదు. ఎముకే అయితే ఆయన ప్రోస్టేట్ క్యాన్సర్ అక్కడికి పాకినట్టే, ఇక ఆపరేషన్ లేనట్టే.

పక్కనే నిలబడ్డ కూతురికి ఒళ్ళు మండింది. నెలల తరబడి బతిమాలితే గానీ ఆయన ఈ స్కాన్‌కి కదల్లేదు.

"అసలు వెళ్ళావా నాన్నా? ఎందుకిలా ప్రాణం తీస్తావు?"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు కాసేపు బయట కూర్చో తల్లీ. ఈ బాబుతో ఒక మాట చెప్పాలి."

ఆమె తలుపు దభాలున వేసి వెళ్ళింది.

చాలాసేపటికి టెక్నీషియన్ బయటికొచ్చాడు. "మీ నాన్నగారికి గజ్జలో వాపుందమ్మా, హెర్నియా. మూత్రాశయం కొంత అందులోకి జారింది. వాపుని చేత్తో నొక్కిపట్టి పోసి రమ్మన్నాను. మచ్చ పోయింది. డాక్టరుగారు కూడా చూశారు, ఎముకలకేమీ లేదు."

సంతోషం కంటే ముందు ఆమెకి కోపమే ముంచుకొచ్చింది. విసవిసా లోపలికి నడిచింది.

"ఆ వాపు సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"రోగం అక్కడిదాకా దిగిపోయిందనుకున్నానమ్మా. స్కాన్ తీస్తే నీకూ తెలిసిపోతుందనే రానన్నాను."