బలరాంకు ఒక్క ఓటూ లేదు

"మీరు కూడ శ్రీధర్ పేరే చెప్తరా అమ్మా?" అంది హేమలత, పెన్ను పట్టుకొని.

మండల పార్టీ అధ్యక్ష పదవికి శ్రీధర్, బలరాం పోటీ పడుతున్నారు. కార్యకర్తల మనసులో ఎవరున్నారో కనుక్కొని రమ్మని పార్టీ ఆమెను ఏన్కూరు దగ్గరి ఈ తండాకు పంపింది.

"అవ్ మేడం, శ్రీధరే. మంచిగ మాట్లాడ్తడు. మైకు దొరికితే ఇడువడు," అంది ముసలి ద్వాలి, మిరపకాయల తొడిమలు తీస్తూనే.

"బలరాం మీ తండా మనిషే గదా! ఒక్కరన్న ఆయన పేరు చెప్తలేరు. ఏం తప్పు చేసిండు?"

ద్వాలి ఫోను తీసి బలరాంకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది.

పొయ్యి మీద చాయ్ మరగకముందే బైకు వచ్చి ఆగింది. బలరాం భుజాన మోకుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది యాడీ? ఆవు మళ్ల బాయిల పడ్డదా?"

"లేదు బిడ్డా, ఊకెనే చేసిన. చాయ్ తాగిపో."

అతను ఊపిరి పీల్చుకొని, కాళ్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచాడు.

"చూసిన్రా మేడం? గీ పిలగాన్ని అధ్యక్షుణ్ని చేస్తే ఖమ్మంల ఒక మీటింగు, హైదరాబాద్‌ల ఒక మీటింగు. నా ఆవును ఎవరు తీస్తరు? శ్రీధర్ ఎన్ని మీటింగులకు పోయినా మాకు ఫరక్ పడదు."

హేమలత చేతిలోని కాగితాలు తిరగేసింది. పొద్దుటి నుంచి ఇరవై ఆరు ఇళ్లు తిరిగింది. ఇరవై ఆరు ఇళ్లూ శ్రీధర్ పేరే చెప్పాయి.

"అంటే, తండా అంతా గిందుకేనా?"

"మెల్లగ మేడం," అంటూ ద్వాలి కుళాయి వైపు చూసింది. "బలరాంకు వినబడ్తది."